విల్లుతో వేటకు వెళ్తూ ఒంటికి రివాల్వర్ కట్టుకోవాలా?

ఈసారి ఉత్తరం అమెరికాలోని మాంటానా రాష్ట్రం నుంచి వచ్చింది. రాసినవారిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక పల్లె. బోజ్‌మన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. హెచ్-1బి వీసా. భార్య హెచ్-4 (ఆ వీసాదారుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్నారు. ఆరేళ్ల పాప ఉంది.

పక్కింట్లో ఉండే రిటైరైన పెద్దాయన ఈయనకు విల్లు పట్టడం నేర్పారు. రాష్ట్రం నిర్వహించే విల్లు వేట శిక్షణ పూర్తిచేసి, లైసెన్సులు తీసుకుని, ఇద్దరూ కలిసి ఎల్క్ (ఒక పెద్ద జింక) వేటకు వెళ్తున్నారు. కిందటి సెప్టెంబరులో గాలటిన్ కొండల్లో, ఇంకా పూర్తిగా తెల్లవారకముందే, ఈయన ఒక పొద పక్కన కూర్చుని ఆడ ఎల్క్ అరుపును అనుకరించే పిలుపు ఊదుతున్నారట. వెనక ఆకుల చప్పుడైతే మగ ఎల్క్ వచ్చిందనుకుని మెల్లగా తిరిగి చూశారు. ముప్పై అడుగుల దూరంలో గ్రిజ్లీ ఎలుగుబంటి, వెంట రెండు పిల్లలు. "నా చేతిలో విల్లు ఉంది, నారి మీద బాణం ఉంది. బేర్ స్ప్రే (ఎలుగుబంటిని ఆపే మిరపఘాటు డబ్బా) వీపు సంచిలో ఉంది. సంచి చెట్టుకు ఆనించి ఉంది. అది నన్ను చూసి బుసకొట్టి, పిల్లలతో పక్కకు వెళ్ళిపోయింది. అది వెళ్ళాక చాలాసేపు లేవలేకపోయాను" అని రాశారు.

విషయం తెలిసిన పెద్దాయన తన పాత .44 మాగ్నమ్ రివాల్వర్ తెచ్చి, "వచ్చే సీజన్‌కు ఇది నీ దగ్గర ఉంచుకో, నాకు వేరేది ఉంది" అన్నారు. ఈయన దాన్ని ఒకసారి కాల్చి కూడా చూశారు. భార్య మాత్రం, "అది ఇంట్లోకి వస్తే నేనూ పాపా ఊరికి వెళ్ళిపోతాం. లేదా నువ్వు వేట మానెయ్" అన్నారు. అప్పటినుంచి ఇంట్లో ఈ మాట ఎత్తితే గొడవే. "ఇక్కడ విల్లు వేటగాళ్ళలో సగం మంది ఛాతీ మీద పిస్టల్ పెట్టుకునే తిరుగుతారు. నేను చేస్తున్నది తప్పా? నా భార్యను ఎలా ఒప్పించాలి?" అన్నవి ఆయన ప్రశ్నలు.

సమాధానం:

ముందుగా, మీరు క్షేమంగా తిరిగి వచ్చారు. ఆ కాసేపట్లో పరుగెత్తలేదు, బాణం వదలలేదు. పిల్లల తల్లి అయిన గ్రిజ్లీ ముందు ముఖ్యంగా చేయకూడనివి ఆ రెండూ. మీరు చేయలేదు కాబట్టే ఈ ఉత్తరం రాయగలిగారు. ఆ తర్వాత లేవలేకపోవడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

మీరు రెండు ప్రశ్నలు అడిగారు. మీ ఉత్తరంలో మీరు అడగని మూడోది ఒకటుంది. దానికి ఆలస్యం పనికిరాదు కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ తమ అధీనంలో ఉంచుకోకూడదు. ఈ నిషేధానికి కొన్ని మినహాయింపులున్నాయి. మీకు పనికొచ్చేది ఒకటి: అమెరికాలో చట్టబద్ధంగా జారీ అయిన వేట లైసెన్సు చేతిలో ఉంటే నిషేధం వర్తించదు. అంటే మీకు దారి మూసుకుపోలేదు. కానీ ఆ దారి తెరిచి ఉండేది మీ లైసెన్సు గడువు ఉన్నంతవరకే. మాంటానా లైసెన్సు సంవత్సరం మార్చి 1న మొదలై ఫిబ్రవరి చివరి రోజుతో ముగుస్తుంది. ఫిబ్రవరి నెలాఖరున మీ బీరువాలో చట్టబద్ధంగా ఉన్న రివాల్వర్, మీరు లైసెన్సు కొత్తది తీసుకోకపోతే, మర్నాటికి ఫెడరల్ నేరానికి సాక్ష్యమవుతుంది. 2022లో చేసిన సవరణ తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. అంత శిక్ష పడకపోయినా, తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ళ తరబడి నిలబడిన మనవాళ్ళకు దీని బరువు విడమరచి చెప్పనక్కర్లేదు.

"అధీనం" అంటే కొనడమే అనుకోవద్దు. అరువు తెచ్చుకోవడం, ఒక గంట చేతిలో పట్టుకోవడం, షూటింగ్ రేంజిలో అద్దెకు తీసుకుని కాల్చడం అన్నీ అందులోకే వస్తాయి. విద్యార్థి వీసా చెల్లకుండా పోయిన ఒక విదేశీయుడు ఫ్లోరిడాలో రేంజికి వెళ్ళి తుపాకీ కాల్చినందుకే కేసులో ఇరుక్కున్నాడు. ఆ కేసు 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తన హోదా ఏమిటో నిందితుడికి తెలుసునని కూడా ప్రభుత్వం నిరూపించాలని కోర్టు చెప్పింది గానీ, రేంజిలో కాల్చడం నేరం కాదని చెప్పలేదు.

మీరు ఆ రివాల్వర్‌ను ఎప్పుడు కాల్చి చూశారో ఉత్తరంలో రాశారు. ఆ నెల పేరు నేను ఇక్కడ ఇవ్వడం లేదు. ఆ రోజున మీ దగ్గర గడువు తీరని వేట లైసెన్సు ఉందో లేదో ఇవాళే చూసుకోండి. ఉంటే మంచిది. లేకపోతే, లేదా ఏ లైసెన్సు లెక్కలోకి వస్తుందో అనుమానముంటే (మాంటానాలో వేటకు ముందు తీసుకునే కన్జర్వేషన్ లైసెన్సు వేరు, వేట లైసెన్సు వేరు), ఇమిగ్రేషన్ న్యాయవాదితో మాట్లాడండి. మీ కంపెనీ న్యాయవాదితో వద్దు, ఆయన ముందుగా కంపెనీ మనిషి. మీ సొంత డబ్బుతో ఒక గంట సలహా తీసుకోండి. అప్పటిదాకా ఈ విషయం మెసేజీల్లో, ఈమెయిళ్ళలో ఎవరికీ రాయవద్దు.

ఇంకో మెలిక ఉంది. మీ భార్యది హెచ్-4. ఆమెకు వేట లైసెన్సు లేదు. ఇంట్లో తుపాకీ ఉందని తెలిసి, దాన్ని తీయగలిగే తాళం ఆమెకు అందుబాటులో ఉంటే, ఆమె కూడా దాన్ని అధీనంలో ఉంచుకున్నట్టే అనే వాదనకు చోటుంది. తాళం, నంబరు మీ ఒక్కరి దగ్గరే ఉండాలి. "ఇంట్లోకి తేవద్దు" అని ఆమె అంటుంటే మీరు దాన్ని భయంగా చూస్తున్నారు. తనకు తెలియకుండానే ఆమె తన చట్టపరమైన భద్రత గురించి కూడా మాట్లాడుతున్నారు.

విల్లుకు ఈ బాధలేవీ లేవు. ఫెడరల్ చట్టం దృష్టిలో విల్లు ఆయుధం కావచ్చు గానీ తుపాకీ కాదు. బేర్ స్ప్రేకు కూడా మీ వీసాతో సంబంధం లేదు. ఆ సంగతి గుర్తుంచుకుని అడవిలోకి వెళ్దాం.

మీరు ఉద్దానంలో పెరిగారు. ఎలుగుబంటి అంటే ఏమిటో మీకు కొత్తగా చెప్పేదేముంది? 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగుబంటి ఒక రైతును చంపి, మరికొందరిని గాయపరిచింది. అధికారులు దాన్ని పట్టుకున్న కొద్దిసేపటికే అదీ చనిపోయింది. అక్కడ తెల్లవారుజామున జీడితోటల్లోకి వెళ్ళేవారికి పెద్దలు చెప్పేది ఒక్కటే: ఒంటరిగా వెళ్ళవద్దు, మాట్లాడుకుంటూ చప్పుడు చేస్తూ వెళ్ళండి. మన ఎలుగుబంటి అయినా గ్రిజ్లీ అయినా ఎక్కువ దాడులు ఉలికిపడినప్పుడు చేసేవే. విల్లు వేటగాడు సరిగ్గా ఆ పెద్దల మాటకు ఎదురు నడుస్తాడు. చప్పుడు చేయడు, గాలికి ఎదురుగా కదులుతాడు, ఒంటి వాసన తెలియనివ్వడు, ఆకుల రంగు బట్టలు కట్టుకుంటాడు, చీకటి విడని వేళ కూర్చుంటాడు. పైగా ఎల్క్ గొంతుతో పిలుస్తాడు. ఆ పిలుపు మగ ఎల్క్ ఒక్కదానికే వినిపించదు కదా. చలికాలపు నిద్రకు ముందు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గ్రిజ్లీ రోజంతా తిండికోసమే తిరుగుతుంది. మీ వెనక నుంచి వచ్చిన ఆ తల్లి మిమ్మల్ని వెతుక్కుంటూ రాలేదు. భోజనం పిలిచిందనుకుని వచ్చింది.

కాబట్టి ప్రమాదం నిజమే. మీ భార్య ముందు దాన్ని తగ్గించి చెప్పకండి. దాన్ని ఎదుర్కోవడానికి రివాల్వరే సరైనదా అన్నది వేరే ప్రశ్న.

దీనిపై చాలామంది ఎత్తిచూపే లెక్కలు రెండున్నాయి. అలాస్కాలో 1985 నుంచి 2006 వరకు బేర్ స్ప్రే వాడిన 83 ఘటనలను టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో, వారి సహచరులు పరిశీలించి 2008లో ప్రచురించారు. గోధుమరంగు ఎలుగుబంట్ల (గ్రిజ్లీ ఈ జాతిదే) విషయంలో 92 శాతం సందర్భాల్లో స్ప్రే వాటిని ఆపింది. దగ్గరి నుంచి ఎదురైనప్పుడు స్ప్రే ఉన్నవారిలో 98 శాతం మందికి ఏ గాయమూ కాలేదు. అదే పరిశోధకులు 2012లో తుపాకుల లెక్క ప్రచురించారు. 1883 నుంచి 2009 వరకు 269 ఘటనలు. చేతి తుపాకులు 84 శాతం, పొడవు తుపాకులు 76 శాతం సార్లు పనిచేశాయి. కానీ తుపాకీ వాడినవారికీ, ఉండి వాడనివారికీ గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి "92 కన్నా 84 తక్కువ, స్ప్రే గెలిచింది" అనేవారితో నేను ఏకీభవించను. స్ప్రే లెక్కలో ఊరికే కుతూహలంతో దగ్గరికి వచ్చిన ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి. తుపాకీ లెక్క ఎక్కువగా పరిస్థితి చేయి దాటిన ఘటనలది. రెండూ ఒకే పరీక్ష రాయలేదు. వాటినుంచి నేను తీసుకునేది ఇంకొకటి. తుపాకీ విఫలమైన చోట్ల పరిశోధకులు చెప్పిన కారణాల్లో అన్నిటికన్నా పెద్దది తీయడానికి సమయం చాలకపోవడం; ఎలుగుబంటి మరీ దగ్గరగా ఉండటం కూడా వాటిలో ఒకటి. మీ వీపు సంచిలోని స్ప్రే కూడా ఆ కారణంతోనే పనికిరాకుండా పోయింది. అంటే మీ కిందటి సెప్టెంబరు పాఠం "స్ప్రే చాలదు, రివాల్వర్ కావాలి" అన్నది కాదు. రివాల్వర్ ఉన్నా అదే సంచిలో ఉండి ఉంటే జరిగేది అదే.

దాడికి దిగిన గ్రిజ్లీ గంటకు 55 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. ముప్పై మీటర్లను రెండు సెకన్లలో దాటేస్తుంది. మీకు కనిపించింది ముప్పై అడుగుల్లో! ఆ రెండు సెకన్లలో విల్లు వదలాలి, చేయి ఆయుధం మీదికి పోవాలి, బయటికి రావాలి, గురి కుదరాలి. స్ప్రే ఏడెనిమిది మీటర్ల దూరం వరకు మిరపఘాటు మేఘంలా పరుచుకుంటుంది కాబట్టి గురి కొంచెం తప్పినా పని జరుగుతుంది. ఎగిరెగిరి వచ్చే తలకాయంత గురిమీద .44 మాగ్నమ్ తూటా వేయడం అలాంటిది కాదు. ఆ రివాల్వర్ వెనక్కి ఎంత గట్టిగా తంతుందో మీరే కాల్చి చూశారు. రెండో గుండు గురికి రావడానికి ఎంతసేపు పట్టిందో గుర్తు తెచ్చుకోండి. ఇక్కడి వేటగాళ్ళు ఈ మధ్య 10 ఎంఎం పిస్టళ్ళవైపు మొగ్గు చూపడానికి సగం కారణం అదే: దెబ్బ కొంచెం తక్కువైనా చేయి తొందరగా కుదురుతుంది, తూటాలు ఎక్కువ ఉంటాయి.

స్ప్రేకు లోపాలు లేకపోలేదు. ఎదురుగాలిలో సగం మీ ముఖం మీదికే వస్తుంది. మంచు పడే చలిలో ఒత్తిడి తగ్గుతుంది. మూడు నాలుగేళ్ళకు గడువు తీరుతుంది. డబ్బా ఒకసారి ఏడెనిమిది సెకన్లలో ఖాళీ. పిలుపు ఊదే వేటగాడు గాలికి ఎదురుగా కూర్చుంటాడు కాబట్టి వెనకనుంచి వచ్చిన జంతువు మీదికి స్ప్రే అనుకూలంగానే వెళ్తుంది, ముందునుంచి వచ్చినదానికి ఎదురుగాలి తగులుతుంది. ఇదంతా ముందే ఆలోచించుకుని కూర్చోవాలి.

రెండు ఘటనలు చెబుతాను. 2018 సెప్టెంబరులో వయోమింగ్‌లోని టెటాన్ అడవుల్లో ఒక వేట గైడు, ఆయనతో వచ్చిన విల్లు వేటగాడు, ముందురోజు బాణం తగిలిన ఎల్క్ కోసం మర్నాడు తిరిగి వెళ్ళారు. దాన్ని కోస్తుండగా ఆడ గ్రిజ్లీ మీద పడింది. పిస్టల్ ఉంది, కానీ సంచులతోపాటు కాస్త ఎగువన పెట్టి ఉంది. వేటగాడు దాన్ని అందుకున్నాడు గానీ కాల్చలేకపోయాడు, గైడు వైపు విసిరినా అందలేదు. గైడు చనిపోయారు. ఆయన స్ప్రే వాడినట్టు ఆనవాళ్ళు తర్వాత దొరికాయి. ఇంకొకటి, 2011 సెప్టెంబరులో మాంటానా, ఐడహో సరిహద్దు దగ్గర జరిగింది. గాయపడిన గ్రిజ్లీ ఒక వేటగాడి మీద పడితే, కాపాడాలని తోటివాడు కాల్చాడు. ఆ తూటా స్నేహితుడికే తగిలి ప్రాణం తీసింది. స్ప్రే మనిషి మీద పడితే గంటసేపు ఏడిపిస్తుంది. తూటా అలా కాదు. మీ పెద్దాయన కింద పడి ఉండగా, పైన ఎలుగుబంటి ఉండగా, మీరు కాల్చగలరా? ఈ ప్రశ్నకు ఇంట్లో కూర్చుని నిజాయితీగా జవాబు చెప్పుకోండి.

నా అభిప్రాయం దాచను. గ్రిజ్లీలు తిరిగే చోట విల్లు వేటగాడికి స్ప్రే తప్పనిసరి, తుపాకీ ఐచ్ఛికం. గ్రాండ్ టెటాన్ నేషనల్ పార్కులో జరిగే ఎల్క్ వేటలో తుపాకులు పట్టుకుని వెళ్ళేవారు కూడా స్ప్రేను చేతికందేలా ఉంచుకోవాలన్న నిబంధన ఉంది. తుపాకీ చేతిలో ఉన్నవారికే ఆ నిబంధన పెట్టారంటే ఆలోచించండి.

స్ప్రే ఎక్కడ ఉండాలి? సంచి నడుంపట్టీ మీదా, బైనాక్యులర్ పట్టీ కిందా, ఎక్కడైనా సరే, విల్లు పట్టని చేతికి కళ్ళు మూసుకున్నా తగలాలి. సంచి తీసి కింద పెట్టినా స్ప్రే ఒంటిమీదే ఉండాలి. మందు లేని సాధన డబ్బాలు అమ్ముతారు. మీ పెద్దాయనను పాత టైరు ఒకటి దొర్లించమని చెప్పి, విల్లు చేతిలో ఉండగా సాధన చేయండి. విల్లును నేల మీద పడేయడం కూడా సాధన చేయాలి. వెయ్యి డాలర్ల విల్లును వదలడానికి చేయి ఒప్పుకోదు. ఆ సందేహంలోనే సెకను పోతుంది.

జంతువు పడ్డాక ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఎల్క్‌ను ఒకే మోతలో దింపలేరు. ఒకరు కోస్తుంటే ఇంకొకరు చుట్టూ చూడటమే పనిగా పెట్టుకోవాలి, ఇద్దరూ కత్తులు పట్టుకుని వంగిపోకూడదు. కోసిన మాంసాన్ని పేగుల కుప్ప నుంచి కనీసం వంద గజాలు దూరం తీసుకెళ్ళి, దూరంనుంచి కనిపించే చోట వేలాడదీయండి. మర్నాడు వెళ్ళేటప్పుడు ఎత్తునుంచి ముందు బైనాక్యులర్‌తో చూడండి, అరుచుకుంటూ వెళ్ళండి. వేట అయిపోయింది, ఇక నిశ్శబ్దంతో పని లేదు. ఎలుగుబంటి దాని మీద కూర్చుని ఉంటే ఆ మాంసం దానిదే. రాష్ట్ర వన్యప్రాణి శాఖకు చెప్పి వచ్చేయండి.

ఇక ఇంటి సంగతి. "నా భార్యను ఎలా ఒప్పించాలి" అని అడిగారు. ఒప్పించే ఉపాయం నేను చెప్పను. ఎందుకంటే ఆమె చెబుతున్నది మీరు ఇంకా పూర్తిగా వినలేదనిపిస్తోంది. ఆమె మాటలో మూడు భయాలు కలిసి ఉన్నాయి. ఒకటి, మీరు తిరిగి రాకపోతే ఈ దేశంలో ఆ పాపతో తన పరిస్థితి ఏమిటని. మీ వీసాతో ముడిపడిన హోదా ఆమెది, మీ తర్వాత ఆమెకు ఇక్కడ నిలబడే ఆధారం ఉండదు. రెండు, ఇంట్లో తుపాకీ, ఆరేళ్ల పాప. 2020 నుంచి అమెరికాలో ఏడాది దాటిన పిల్లలు, టీనేజర్ల మరణాలకు తుపాకులే మొదటి కారణం. ఇది ఆమె ఊహించుకున్న భయం కాదు. మూడు, మనిషి మారిపోతున్నాడేమో అన్న దిగులు. ఉద్దానం నుంచి వచ్చిన కుర్రాడు విల్లు పట్టాడు, ఇప్పుడు రివాల్వర్ అంటున్నాడు, తర్వాత ఏమిటని. ఈ మూడింటికీ ఒకే జవాబు లేదు. విడివిడిగా అడిగి, విడివిడిగా వినండి. మొదటిదానికి జీవిత బీమా, వీలునామా కాగితాలు, శాటిలైట్ మెసెంజర్, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో రాసిపెట్టిన కాగితం, ఒంటరిగా వెళ్ళనన్న మాట చాలావరకు సాయపడతాయి. రివాల్వర్ వాటిలో దేన్నీ తీర్చదు.

"వేట మానెయ్" అనడాన్ని మొండితనంగా తీసుకోకండి. మీకు వేట ఎందుకు కావాలో ఆమెకు ఎప్పుడైనా చెప్పారా? ఉత్తరంలో నాకు చాలా బాగా చెప్పారు: ఏడాదంతా స్క్రీను ముందు గడిపే మనిషికి ఆ కొండల్లో తెల్లవారడం ఎలా ఉంటుందో, పాపకు ఇష్టమైన కూర మీరు తెచ్చిన మాంసంతో వండినప్పుడు ఎలా అనిపించిందో. ఆ పేరాలు తీసుకెళ్ళి ఆమెకు చదివి వినిపించండి.

మీ ముందున్న దారులు, వాటి వెంట వచ్చే ఫలితాలు ఇవి.

స్ప్రే మాత్రమే పెట్టుకుని, పైన చెప్పిన అలవాట్లతో వేట కొనసాగించవచ్చు. వీసాకు చిక్కు లేదు, ఇంట్లోకి తుపాకీ రాదు. ఎదురుగాలిలో, లేదా స్ప్రేను లెక్కచేయని ఎలుగుబంటి ముందు మీకు రెండో అవకాశం ఉండదు. ఆ మిగిలిన ప్రమాదాన్ని మీరూ మీ భార్యా తెలిసి ఒప్పుకోవాలి.

పెద్దాయన తన తుపాకీ తానే పెట్టుకుని, మీరు స్ప్రేతో ఉండటం ఇంకో పద్ధతి. చాలా వేట జోడీలు ఇలాగే వెళ్తాయి. ఇద్దరూ పిలుపు దూరంలో ఉండాలి, ఎవరు ఏం చేయాలో ముందే అనుకోవాలి. లేకపోతే 2011 నాటి ప్రమాదం ఇక్కడే పొంచి ఉంటుంది. ఆయన లేని రోజున మీరు వెళ్ళకూడదు. ప్రాణాపాయంలో ఆయన తుపాకీ మీ చేతికి వస్తుందేమోనన్న ఆలోచన ఉన్నా, ఆ రోజు మీ లైసెన్సు జేబులో ఉండితీరాలి.

మీరే తుపాకీ పెట్టుకోవాలనుకుంటే అది పూర్తిగా సక్రమంగా జరగాలి. న్యాయవాది సరే అన్న తర్వాతే, లైసెన్సు గడువు ఉండగా, లైసెన్సున్న దుకాణంలో, మీ వీసా వివరాలూ వేట లైసెన్సూ చూపించి, ఫారంలో నిజమే రాసి కొనాలి. ఆ ఫారంలో తప్పు రాయడం మళ్ళీ వేరే నేరం. ఇంట్లో ఇనప పెట్టె, తాళం మీ ఒక్కరి దగ్గరే, తూటాలు విడిగా. నడుముకు కడితే సంచి పట్టీ అడ్డొస్తుంది కాబట్టి వేటగాళ్ళు ఛాతీ హోల్‌స్టర్ (తుపాకీ ఒర) వాడతారు. కానీ మీరు నారి లాగినప్పుడు అది దానికి తగలకుండా చూసుకోవాలి, తగిలితే బాణం ఎక్కడికో పోతుంది. ఏడాది పొడవునా సాధన చేయాలి. లైసెన్సు గడువు తీరే రోజును పాప పుట్టినరోజులా గుర్తుంచుకోవాలి. విల్లు సీజన్‌లో ఆత్మరక్షణకు తుపాకీ వెంట ఉండటాన్ని మాంటానా అనుమతిస్తుంది గానీ, దానితో ఎల్క్‌ను కాల్చకూడదు, గాయపడి గిలగిలలాడుతున్న దాన్ని ముగించడానికైనా సరే. వేరే రాష్ట్రానికి వెళ్తే అక్కడి నిబంధనల పుస్తకం చదవాలి. తుపాకీ ఉన్న కారులో సరిహద్దు దాటి కెనడా వైపు విహారానికి వెళ్ళే పనే పెట్టుకోవద్దు.

ఒకవేళ గ్రిజ్లీని చంపవలసి వస్తే కథ అక్కడితో ముగియదు. 1975 నుంచి అలాస్కా కాకుండా మిగతా అమెరికాలో గ్రిజ్లీ రక్షిత జంతువు. ఆత్మరక్షణకు చంపడాన్ని చట్టం ఒప్పుకుంటుంది, కానీ 5 రోజుల్లోగా తెలియజేయాలి, దర్యాప్తు జరుగుతుంది. అధికారులు వచ్చి తుపాకీ చూస్తారు, లైసెన్సు చూస్తారు, మీ హోదా అడుగుతారు. అన్ని కాగితాలూ సరిగా ఉన్న మనిషికి అదొక కష్టమైన వారం. లేని మనిషికి ఈ దేశంలో చివరి వారం కావచ్చు.

ఇవేవీ వద్దనుకుంటే చోటు మార్చుకోవచ్చు. మాంటానా తూర్పు మైదానాల్లో జింకలు, ప్రాంగ్‌హార్న్‌ల (జింకలాంటి మైదాన జంతువులు) వేట ఉంది, అక్కడ గ్రిజ్లీ ఎదురయ్యే అవకాశం చాలా తక్కువ. గాలటిన్ కొండల తెల్లవారుజాము అక్కడ దొరకదు. కానీ ఒకటి రెండేళ్ళు, గ్రీన్‌కార్డు వచ్చేదాకానో పాప కాస్త పెద్దదయ్యేదాకానో, అలా గడిపితే మీరు కోల్పోయేది ఎక్కువేమీ లేదు. మీ స్థానంలో నేనుంటే ఈ ఏడాదికి రెండో దారి (ఆయన దగ్గర తుపాకీ, నా దగ్గర స్ప్రే) పట్టి, తుపాకీ మాటను గ్రీన్‌కార్డు తర్వాతకు వాయిదా వేసేవాణ్ణి. మీ ఇద్దరి లెక్క వేరే కావచ్చు.

చివరగా పెద్దాయన విషయం. ప్రేమతో ఇచ్చిన వస్తువును తిప్పి పంపితే ఆయన నొచ్చుకుంటారని వెనకాడుతున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి: "నా వీసా మీద నియమాలున్నాయి. అవి తేలకుండా ఇది నా చేతికిస్తే మీక్కూడా నేరం చుట్టుకోవచ్చు." అది అబద్ధం కాదు. నిషేధం ఉన్నవారికి తెలిసి తుపాకీ ఇవ్వడం ఆ చట్టం కింద ఇచ్చినవారికీ నేరమే. నలభై ఏళ్ళుగా ఆ కొండల్లో తిరుగుతున్న మనిషి అని రాశారు కదా, ఇంతమాత్రం ఆయనకు అర్థమవుతుంది. రివాల్వర్ బదులు ఆయన దగ్గర ఇంకొకటి అడగండి: ఈ వేసవిలో వారాంతాల్లో మీతో స్ప్రే సాధన చేయించమని, కనీసం ఒకసారి మీ భార్యను కూడా వెంట రమ్మని.